ప్లేరైట్ ఎం.సి.పి. సమీక్ష: ఏజెంటు చదివే నాలుగు వాక్యాల విలువ

హన్మకొండలో మాది నలుగురం కలిసి నడుపుకొనే చిన్న కార్యాలయం. లెక్కలు, పన్నుల కాగితాలతో పాటు మేము చాలా కాలంగా మరో పని కూడా చేస్తున్నాము. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఆ రోజు పత్తి, మిర్చి, మక్కలు ఏ ధరకు పోయాయో ఒక వెబ్‌సైటులో చూసి, పట్టికలోకి ఎక్కించి, పరకాల, నర్సంపేట, ములుగు వైపు రైతులకు వాట్సాప్‌లో పంపుతాము. మొదట్లో మాలో ఒకరు కూర్చొని చేసేవారు. ఇప్పుడు అది ఏఐ ఏజెంటు చేస్తోంది. ఆ ఏజెంటు బ్రౌజరు తెరవడానికి, పేజీ చదవడానికి, బటన్ నొక్కడానికి మేము వాడుతున్నది ప్లేరైట్ ఎం.సి.పి. దాని వేగం గురించి, అది నడిపే బ్రౌజర్ల గురించి ఇతరులు చాలా రాశారు. నేను ముఖ్యంగా పరిశీలించదలచింది అందులోని టూల్స్‌కు, అంటే ఏజెంటు పిలిచి వాడుకొనే పనిముట్లకు, రాసిన వివరణలను, ఎందుకంటే ఏజెంటు చేసే పని బాగుండడమూ చెడిపోవడమూ ఎక్కువగా అక్కడే తేలుతుందని అనుభవం మీద తెలుసుకున్నాను.

ముందుగా పరిచయం క్లుప్తంగా. ప్లేరైట్ అనేది మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్. 2004లో మొదలైన సెలీనియం, 2017లో గూగుల్ క్రోమ్ బృందం తెచ్చిన పపెటీర్ నడిచిన దారిలోనే, వెబ్‌సైట్లను పరీక్షించే వారి కోసం అది పుట్టింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (క్లుప్తంగా ఎం.సి.పి.) అనే ప్రమాణాన్ని ప్రకటించింది. ఏ ఏజెంటైనా ఏ టూల్‌నైనా ఒకే పద్ధతిలో పిలుచుకొనేందుకు అది వీలు కల్పిస్తుంది. దానికి అనుగుణంగా మైక్రోసాఫ్ట్ 2025 మార్చిలో ప్లేరైట్ ఎం.సి.పి.ని విడుదల చేసింది. కంప్యూటరులో జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపే నోడ్ అనే సాఫ్ట్‌వేర్ 18వ వెర్షన్ గాని అంతకంటే కొత్త వెర్షన్ గాని ఉండి, ఏజెంటు సెట్టింగుల ఫైలులో కొద్ది వరుసలు చేర్చితే చాలు, పని మొదలవుతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం పైసా ఖర్చు లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏజెంటుకు టూల్ లోపలి కోడ్ కనిపించదు. టూల్ పేరు, దాని వివరణ, అది అడిగే ఒక్కొక్క వివరం గురించి రాసిన ఒక్కో వాక్యం, వీటినే అది చదువుతుంది. ఏ టూల్‌ను ఎప్పుడు పిలవాలో, పిలిచేటప్పుడు ఏమి ఇవ్వాలో వాటిని బట్టే నిర్ణయించుకుంటుంది. అడ్తి దుకాణంలో కొత్తగా చేరిన గుమాస్తాకు సేటు బయటికి వెళ్తూ గోడ మీద ఒక చీటీ అంటించి పోయాడనుకుందాము. ఆ చీటీలో ‘తక్‌పట్టీ రాయి’ (రైతుకు ఇచ్చే అమ్మకం చీటీ రాయి) అని మాత్రమే ఉంటే, కాంటా అయ్యాక రాయాలో వేలం పాట కాగానే రాయాలో, హమాలీ కూలి అందులో కోయాలో వద్దో ఆ పిల్లవాడికి తెలియదు. తెలియక ఊరుకుంటే నష్టం తక్కువ, తెలిసినట్టు రాసేస్తే రైతు నష్టపోతాడు. ఏజెంటు స్వభావం ఆ రెండో రకానిది. వివరణలో ఖాళీ ఉంటే అది ఆగి అడగడం అరుదు, తనకు తోచినది పూరించి ముందుకు పోవడమే ఎక్కువ.

ఈ కొలతతో చూసినప్పుడు ప్లేరైట్ ఎం.సి.పి. వివరణల్లో నాకు అన్నిటికంటే నచ్చినది, ఒక టూల్ ఏమి చేయదో కూడా అవి చెప్పడం. పేజీని చూడడానికి ఇందులో రెండు దారులున్నాయి. బ్రౌజర్_స్నాప్‌షాట్ అనే టూల్ పేజీలోని శీర్షికలు, బటన్లు, గడులు, లింకులను అక్షర రూపంలో ఒక చెట్టులాగా ఇస్తుంది. చూపు లేని వారి కోసం స్క్రీన్ రీడర్లు చదివేది కూడా ఇలాంటి చెట్టునే. బ్రౌజర్_టేక్_స్క్రీన్‌షాట్ అనే టూల్ ఫొటో తీస్తుంది. ఫొటో వివరణలోనే, దాన్ని ఆధారం చేసుకొని క్లిక్ వంటి పనులు చేయలేవని, వాటికి స్నాప్‌షాట్ వాడమని స్పష్టంగా రాశారు. స్నాప్‌షాట్ వివరణలో అది ఫొటో కంటే మెరుగని రాశారు. ఈ రెండు చిన్న వాక్యాలు ఎంత పని చేస్తున్నాయో తెలుసుకోవడానికి నేను వేరుగా ఒక సొంత టూల్‌కు రెండు రకాల వివరణలు రాసి చూశాను. ‘ఫొటో తీస్తుంది’ అని మాత్రమే రాసినప్పుడు ఏజెంటు అడుగడుగునా ఫొటోలు తీసి, వాటిని చూసి బటన్ ఎక్కడుందో ఊహించడానికి ప్రయత్నించింది. ‘ఈ ఫొటోను బట్టి క్లిక్ చేయడం కుదరదు’ అన్న ఒక్క వాక్యం చేర్చిన తరువాత ఆ అలవాటు మానుకుంది. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

దగ్గరగా చూడదగినది మరొకటి ఉంది, బ్రౌజర్_క్లిక్. స్నాప్‌షాట్ చెట్టులో క్లిక్ చేయదగిన ప్రతి వస్తువుకు ఈ12, ఈ47 వంటి ఒక గుర్తు ఉంటుంది. క్లిక్ టూల్ ఆ గుర్తును ఒక గడిలో అడుగుతుంది. దానితో పాటు ఆ వస్తువు ఏమిటో మనుషులకు అర్థమయ్యే మాటల్లో చెప్పడానికి మరొక గడి కూడా ఉంటుంది. మొదటి గడి వివరణలో, పేజీ స్నాప్‌షాట్‌లోని గుర్తును ఉన్నదున్నట్టు ఇవ్వాలని ఉంది. రెండో గడి వివరణలో, ఆ వస్తువును తాకడానికి అనుమతి తీసుకొనేందుకు ఈ మాటలు వాడతారని ఉంది. అంటే ఒకే పనిని యంత్రానికి ఒక భాషలో, పక్కన కూర్చున్న మనిషికి మరొక భాషలో చెప్పిస్తున్నారు. మా ఏజెంటు అనుమతి అడిగినప్పుడు తెర మీద ‘తేజ రకం మిర్చి వరుసలో వివరాల లింకు’ అని కనిపిస్తుంది. ఈ47 అని మాత్రమే కనిపిస్తే నేను ఏమి చూసి సరే అంటాను? రోజుకు ఇరవై సార్లు చూడకుండానే సరే అనేస్తాను. అనుమతి అనే మాటకు అర్థం మిగిలింది ఆ రెండో గడి వల్లనే. సొంతంగా టూల్ రాసే వారెవరైనా ఈ ఒక్క పద్ధతిని తప్పక తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశాన్ని కూడా నేను వివరణలో భాగంగానే లెక్కిస్తాను. పేజీ మారిపోయి పాత గుర్తు పనికిరాకుండా పోతే, ‘విఫలమైంది’ అని చెప్పి ఊరుకోకుండా, ఆ గుర్తు ఇప్పటి స్నాప్‌షాట్‌లో లేదని, కొత్తగా స్నాప్‌షాట్ తీసి చూడమని ఈ టూల్ చెబుతుంది. దారి తప్పిన వానికి దారి చూపడం అంటే ఇదే. అలాగే అక్షరాలు టైపు చేసే టూల్‌లో ఒక్కొక్క అక్షరమే మెల్లగా కొట్టే ఎంపిక ఒకటి ఉంది. అది ఎందుకు ఉన్నదో, దాన్ని వాడకపోతే ఏమి జరుగుతుందో, అంటే మొత్తం ఒకేసారి నిండిపోతుందని, అక్కడే రాశారు. ఊరు పేరులో రెండు అక్షరాలు కొట్టగానే కింద జాబితా విచ్చుకొనే పేజీలు మనకు ఎన్నో తగులుతాయి. అటువంటి చోట ఏజెంటు ఆ ఎంపికను తనంతట తానే తీసుకోవడం చూశాను.

పేజీలో కావలసినది వచ్చేదాకా ఆగే బ్రౌజర్_వెయిట్_ఫర్ అనే టూల్ గురించి చెప్పాలంటే మా కార్యాలయంలో జరిగిన పొరపాటు చెప్పక తప్పదు. ఆ పొరపాటు పూర్తిగా మాది. ప్లేరైట్ టూల్స్ పైన మేము ‘మార్కెట్_ధర’ అనే సొంత టూల్ ఒకటి రాసుకున్నాము. దానికి మేము రాసిన వివరణ మొత్తం ఇంతే: ‘ఎనుమాముల ధరలు తెచ్చి గ్రూపుకు పంపుతుంది.’ శని, ఆదివారాలు మార్కెట్‌కు సెలవు. సోమవారం పాటలు ముగిసి కొత్త ధరలు ఎక్కేదాకా మేము చూసే పేజీలో శుక్రవారం ధరలే ఉంటాయి. ఆ సోమవారం ఏజెంటు పొద్దున్నే పేజీ తెరిచి, అక్కడున్న ధరలను ఆ రోజు తేదీతో గ్రూపుకు పంపింది. వివరణలో చెప్పినది చెప్పినట్టే చేసింది. తేదీ గురించి మేము దానికి ఒక్క మాట కూడా చెప్పలేదు.

సంగతి నాకు తెలిసింది యార్డులో. వేరే పని మీద వెళ్లిన నన్ను, కాంటా పక్కన బస్తాల మీద కూర్చున్న ఒక పెద్దాయన గుర్తుపట్టి పిలిచాడు. కోల్డ్ స్టోరేజీలో దాచుకున్న మిర్చి బస్తాలను మా సందేశం చూసి బయటికి తీసి, ట్రాలీ కిరాయికి మాట్లాడుకొని వచ్చాడు. ఫోను నా చేతికి ఇచ్చి, “బిడ్డా, నువ్వు పంపిన రేటు చూసే ఏసుకొచ్చిన. ఈడికొచ్చినంక అది శుక్రారం రేటంటున్నరు. గిట్లయితే ఎట్ల?” అన్నాడు. తెర మీద మా కార్యాలయం పేరు, ఆ రోజు తేదీ, దాని కింద మూడు రోజుల కిందటి ధర ఉన్నాయి. “తప్పు మాదే కాకా” అన్నాను. ట్రాలీ కిరాయి మేము కట్టాము. ధరలోని తేడాను మాత్రం పూడ్చలేకపోయాము.

ఆ రాత్రి కూర్చొని వివరణను మొదటి నుంచి రాశాము. మొదట ఒక టూల్‌ను రెండుగా విడదీశాము. ‘ధర_చదువు’ పేజీని చదువుతుంది, దేనినీ మార్చదు. ‘సందేశం_పంపు’ గ్రూపుకు పంపుతుంది, పంపిన తరువాత వెనక్కి తీసుకోవడం ఉండదు. చదవడం, పంపడం ఒకే పేరు కింద ఉన్నంత కాలం, ధర ఒకసారి చూద్దామనుకున్న ఏజెంటు కూడా పంపకుండా ఉండలేదు. ఎం.సి.పి. ప్రమాణం 2025 మార్చి వెర్షన్ నుంచి ఈ భేదాన్ని గుర్తుగా పెట్టుకొనే వీలు ఇచ్చింది: ఇది చదవడానికి మాత్రమేనా, దీనితో ఏదైనా చెడిపోయే అవకాశం ఉందా, రెండుసార్లు పిలిచినా ఫలితం ఒకటేనా అని టూల్ మీద రాయవచ్చు. ప్లేరైట్ ఎం.సి.పి. తన టూల్స్‌లో ఏవి చదవడానికి మాత్రమే పనికివస్తాయో ఒక్కొక్కదానికి గుర్తు వేసి చూపుతుంది. అయితే ఇవి సూచనలు మాత్రమే, తాళాలు కావు. ప్రమాణం కూడా అదే మాట చెబుతుంది. కనుక పంపే ముందు మనిషి అనుమతి తీసుకొనే ఏర్పాటును మేము వేరుగా పెట్టుకున్నాము.

ఆ తరువాత వచ్చిన చిక్కు ధర అనే మాటే. మార్కెట్‌లో పొద్దున జెండా పాటతో వేలం మొదలవుతుంది. ఆ పాటలో పలికిన ధర ఊరంతా పాకుతుంది, కాని యార్డుకు వచ్చిన సరుకంతా ఆ ధరకు పోదు. నాణ్యతను, తేమను బట్టి చాలా లాట్లు అంతకంటే తక్కువకే పోతాయి. వెబ్‌సైటు పట్టికల్లో కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అని మూడు గడులుంటాయి. మోడల్ అంటే ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది. ‘ధర’ అని ఊరకే రాస్తే ఏజెంటు ఒక రోజు గరిష్ఠాన్ని, మరొక రోజు మోడల్‌ను తీసుకుంటుంది. రైతు దృష్టిలో ఇవి రెండు వేర్వేరు సంగతులు, ఒకటి ఆశ, మరొకటి చేతికి వచ్చే డబ్బు.

ఇప్పుడు మా ధర_చదువు టూల్ వివరణ ఇలా ఉంది: ‘ఎనుమాముల మార్కెట్‌లో ఒక పంటకు, ఒక రకానికి, ఒక తేదీన నమోదైన ధరలను చదువుతుంది. కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలను మూడింటినీ క్వింటాలుకు రూపాయల్లో, పట్టిక తలకట్టులో ఉన్న తేదీతో కలిపి ఇస్తుంది. జెండా పాట ధరను ఇవ్వదు. పట్టికలోని తేదీ అడిగిన తేదీ కాకపోతే ధరలు ఇవ్వకుండా, ఇంకా నమోదు కాలేదని చెబుతుంది. శని, ఆదివారాల్లోనూ ఇతర సెలవుల్లోనూ ఖాళీ రావడం మామూలే, దాన్ని పొరపాటుగా భావించి పాత తేదీ ధరతో నింపకూడదు. రైతులకు ఏదైనా పంపడానికి ఈ టూల్ పనికిరాదు, దానికి సందేశం_పంపు ఉంది.’ పంట, రకం, తేదీ అనే మూడు గడులకు కూడా ఒక్కొక్క ఉదాహరణ ఇచ్చాము. తేజ, వండర్ హాట్, చపాట వంటి రకాల పేర్లను పేజీలో ఉన్నట్టే రాయాలని చెప్పి, ఆ పేర్ల జాబితాను కూడా పెట్టాము. చపాటాను టమాట మిర్చి అని కూడా అంటారు కనుక ఆ రెండు పేర్లూ ఒకటేనని ఒక వాక్యం చేర్చవలసి వచ్చింది. లేకపోతే ఏజెంటు టమాట ధరలు వెతకడానికి బయలుదేరుతుంది.

తేదీ సరిపోయేదాకా ఆగే పనిని బ్రౌజర్_వెయిట్_ఫర్‌కు అప్పగించాము. ఇన్ని సెకన్లు ఆగమని గాని, ఫలానా మాట కనిపించేదాకా లేదా కనిపించకుండా పోయేదాకా ఆగమని గాని దానికి చెప్పవచ్చు. ఈ మూడు దారులు ఉన్నాయన్న సంగతి వివరణలో ఒకే వాక్యంలో ఉంది. అయితే పట్టికలు మెల్లగా నిండే సైట్లలో సెకన్లు లెక్కపెట్టడం కంటే మాట కోసం ఎదురుచూడడమే నమ్మదగినదన్న సలహా అందులో లేదు. అది మనమే మన సూచనల్లో రాసుకోవాలి. ఆ ఒక్క వాక్యం అక్కడే ఉంటే కొత్తవారికి ఎంతో మేలు జరిగేదని నాకు అనిపించింది.

కొనేవారు, అంటే సమయం వెచ్చించేవారు, తెలుసుకోవలసిన పరిమితులు కొన్ని ఉన్నాయి. స్నాప్‌షాట్ చెట్టు అక్షరాల మీద ఆధారపడినది కనుక, కాన్వాస్ మీద, అంటే పేజీలో బొమ్మగా, గీసిన గ్రాఫులలోని అంకెలు అందులోకి రావు. చాలా పొడవైన పేజీల చెట్టు కూడా పొడవుగానే ఉంటుంది, దానికి తగినట్టు టోకెన్లు, అంటే ఏఐ చదివే మాటల ముక్కలు, ఖర్చవుతాయి. టూల్స్ ఇరవైకి పైగా ఉన్నందున వాటి వివరణలు కూడా ప్రతి సంభాషణలో కొంత చోటు ఆక్రమిస్తాయి. వివరణ స్పష్టంగా ఉండాలన్నంత మాత్రాన పేజీలకు పేజీలు రాయకూడదనడానికి కారణం ఇదే. ప్లేరైట్ ఎం.సి.పి. భద్రతకు గోడ కాదని దాని పరిచయ పత్రంలోనే చెప్పారు. ఏజెంటు తెరిచిన పేజీలో ఎవరైనా దురుద్దేశంతో ఆదేశంలాంటి వాక్యం దాచిపెడితే, దాన్ని పాటించే ప్రమాదం ఏ బ్రౌజరు ఏజెంటుకైనా ఉంటుంది. మామూలుగా ఇది లాగిన్‌లను గుర్తుపెట్టుకొనే ప్రొఫైలుతో నడుస్తుంది. నలుగురు వాడే కంప్యూటరు అయితే ఐసొలేటెడ్ అనే ఎంపికతో నడపడం మంచిది, అప్పుడు బ్రౌజరు మూయగానే లాగిన్‌లు చెరిగిపోతాయి. బ్యాంకు ఖాతా తెరిచి ఉన్న ప్రొఫైలును ఏజెంటు చేతిలో పెట్టవద్దు.

భాష గురించి ఒక మాట. ప్లేరైట్ వివరణలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మా సొంత వివరణలను మొదట మొత్తం ఇంగ్లీషులోనే రాశాము, ఎందుకంటే తెలుగు అక్షరాలకు టోకెన్లు ఎక్కువ పడతాయి. కాని జెండా పాటకు, తక్‌పట్టీకి, చపాటాకు ఇంగ్లీషులో మాట వెతికిన ప్రతిసారీ అర్థం జారిపోయింది. జెండా పాటను ఒకసారి ‘మొదటి వేలం ధర’ అనే అర్థంలో రాస్తే, ఏజెంటు పట్టికలోని మొదటి వరుసను తీసుకువచ్చింది. చివరికి మార్కెట్ మాటలున్న వివరణలను తెలుగులోనే ఉంచాము. ఖర్చు కొంత పెరిగింది, అడగకుండా అర్థం చేసుకోవడం కూడా పెరిగింది. నా మటుకు ఈ బేరం లాభమే.

ఎవరికి పనికివస్తుందంటే, రోజూ ఒకే రకం పేజీలు చదివి, ఒకే రకం దరఖాస్తులు నింపే చిన్న కార్యాలయాలకు, ఏజెంట్ల కోసం సొంత టూల్స్ రాయడం నేర్చుకొంటున్న ఇంజినీరింగ్ విద్యార్థులకు నేను నిస్సంకోచంగా దీన్ని సిఫారసు చేస్తాను. విద్యార్థులు కోడ్ కంటే ముందు ఆ వివరణలను చదవాలి. వెబ్‌సైటు తయారుచేస్తూ దాని వేగాన్ని కొలవాలనుకొనే వారికి 2025 సెప్టెంబరులో గూగుల్ బృందం విడుదల చేసిన క్రోమ్ డెవ్‌టూల్స్ ఎం.సి.పి. ఎక్కువ తగినది. వాడడం మొదలుపెట్టేవారు మరొక జాగ్రత్త పాటించాలి. ఈ టూల్స్ పేర్లు, వివరణలు కాలంతో మారుతున్నాయి. ట్యాబుల కోసం ఒకప్పుడు నాలుగు వేర్వేరు టూల్స్ ఉండేవి, తరువాత వాటిని ఒక్కటిగా కలిపారు. కలపడం మంచిదే, ఏజెంటుకు ఎంపికలో తికమక తగ్గింది. కాని మన సూచనల్లో పాత పేర్లు రాసి ఉంటే అవి ఆ రోజుతో చెల్లకుండా పోతాయి. అందుకే మేము సెట్టింగుల ఫైలులో ‘తాజా వెర్షన్’ అని కాకుండా వెర్షన్ సంఖ్యనే రాసి పెట్టాము. సంఖ్య మార్చవలసి వచ్చినప్పుడు, మార్కెట్ సెలవున్న శనివారం కూర్చొని, టూల్స్ జాబితాను మొదటి నుంచి చివరి దాకా చదివి, పాత తేదీల మీద నడిపి చూసిన తరువాతే గ్రూపుకు కలుపుతున్నాము.